నేర్చినది నేర్పిన తల్లి: శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)

 

పాఠశాల నివేదికను మా సహాయ ప్రధానోపాధ్యాయులు ఇంతకుముందే చదివి వినిపించిరి. అంకెలన్నియు మీరు వింటిరి. సంఘమువారు నాకు ఒప్పగించిన పని వేరు. ప్రతి సంవత్సరమును ఒక మహనీయుని జీవితమును గురించి నాలుగు మాటలు చెప్పుట మన సభకు ఆనవాయితీ. ఈ యేడు నేను శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారిని గురించి చెప్పదలచితిని. ఆమెనే ఎన్నుకొనుటకు ఒక కారణమున్నది. అది నా పొరపాటునకు సంబంధించినది. ముందుగా దానిని మీ యెదుట ఒప్పుకొని, పిమ్మట ఆమె కథ చెప్పెదను.

గడచిన జూన్ మాసములో, బడి తెరచిన మొదటి వారమున, ఒక తండ్రి నా గదికి వచ్చెను. ఇచ్చటి కట్టడములలో తాపీపని చేసికొని బ్రతుకువాడు. కూతురు ఎనిమిదవ తరగతి ముగించినది. తరగతిలో మూడవ స్థానములోనున్న పిల్ల. "టీసీ ఇప్పించండి సార్. ఊళ్ళో అవ్వ దగ్గర ఉంటుంది. ఆడపిల్లకు ఈ మాత్రం చదువు చాలు" అని అతడనెను. నేను ఆనవాయితీగా రెండు మంచిమాటలు చెప్పితిని. అతడు తల వంచుకొని వినెను. కాని మనసు మార్చుకొనలేదు. అంతట నేను సంతకము చేసి ఇచ్చితిని. ఆ బాలిక గుమ్మము వద్ద నిలిచి, గ్రంథాలయమునుండి తీసికొనిన రెండు పుస్తకములను తిరిగి ఇచ్చెను. పుస్తకములు సరిగా నున్నవో లేవో చూచితిని గాని, "అమ్మా, నీకు చదువుకొన వలెనని యున్నదా?" అని ఆ పిల్లను ఒక్కమాట అడుగలేదు.

చట్టము దృష్టిలో నేను చేసినది తప్పు కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు, అనగా ఎనిమిదవ తరగతి వరకు, నిర్బంధ విద్య నిర్దేశించుచున్నది. ఆ గీత దాటిన పిల్లను ఆపుటకు నాకు అధికారము లేదు. కాని అధికారము లేనిచోట మనిషి చేయదగినది ఏమియు లేదా? ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఆ దినములలోనే దుర్గాబాయమ్మగారి జీవితమును మరల చదివితిని. నా ప్రశ్నకు జవాబు అందులో కనబడినది.

దుర్గాబాయమ్మగారు 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరములో జన్మించిరి. తండ్రి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. ఆనాటి ఆచారము ననుసరించి ఎనిమిదవ యేటనే ఆమెకు వివాహము జరిగెను. పెండ్లి అననేమో తెలియని వయస్సు. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆమె ఆ బంధమును అంగీకరింపక, తన త్రోవ వేరని నెమ్మదిగా, నిశ్చయముగా తెలియజేసిరి. తండ్రియు, సోదరుడును ఆమె పక్షమున నిలిచిరి. తల్లిదండ్రులారా, ఈ మాట గుర్తుంచుకొనుడు. ఆ కాలమున లోకము నోటికి వెరవక ఒక తండ్రి కూతురి మాట విన్నందుననే దేశమునకు ఒక దుర్గాబాయి దక్కినది.

బడిలో ఇంగ్లీషు మాధ్యమమును తప్పనిసరి చేసినపుడు, సుమారు పండ్రెండేండ్ల వయస్సున, ఆమె నిరసనగా బడి మానివేసిరి. ఇది విని మన పిల్లలలో కొందరు సంతోషించుచున్నట్లున్నారు. తొందరపడకుడు. బడి మానిన ఆ బాలిక ఊరక కూర్చుండలేదు. హిందీ నేర్చుకొని, తనకు వచ్చిన ఆ కొంచెమునే ఇతరులకు నేర్పుటకు బాలికా హిందీ పాఠశాల తెరచిరి. పాఠము చెప్పునామె తానే బాలిక. తాను సంపూర్ణముగా నేర్చిన పిమ్మట బోధింతునని ఆమె కాచుకొనలేదు. ఒక యక్షరము వచ్చినచో ఆ యొక్క యక్షరమునే పంచిరి. ఆమె జీవితమంతయు ఈ ఒక్క సూత్రము మీదనే నడచినదని నా నమ్మకము.

1921 ఏప్రిల్ మాసములో గాంధీ మహాత్ములు కాకినాడకు వచ్చిరి. దేవదాసీలును, ఘోషా పాటించు ముస్లిం స్త్రీలును ఆయన మాటలు వినవలెనని ఈ చిన్నబాలిక సంకల్పించిరి. మహాత్ముల నిధికి అయిదువేల రూపాయలు చేర్చినచో ఆయన ఆ సభకు వచ్చునట్లు చేయుదుమని కార్యకర్తలు చెప్పిరి. పిల్లను సాగనంపుటకే ఆ మాట అనిరేమో తెలియదు. కాని ఆ స్త్రీలే ముందుకు వచ్చి ధనమును సమకూర్చిరి. సభ జరిగినది. గాంధీగారి హిందీ ప్రసంగమును తెలుగున వినిపించినది ఆ బాలికయే. పిల్లలారా, ఇప్పుడు తెలిసినదా? బడిలో మార్కులకొరకు కాక, మనసుకు నచ్చి నేర్చిన భాష ఆమెను దేశనాయకుని ప్రక్కన నిలువబెట్టినది.

రెండేండ్లకు, 1923 డిసెంబరులో, కాకినాడలోనే కాంగ్రెసు మహాసభ జరిగెను. అచ్చటి ఖద్దరు ప్రదర్శనశాల ద్వారము వద్ద దుర్గాబాయమ్మగారు స్వచ్ఛంద సేవికగా నిలిచిరి. టిక్కెట్టు లేనివారిని లోపలికి విడువరాదని ఉత్తరువు. జవాహర్‌లాల్ నెహ్రూగారు టిక్కెట్టు లేక వచ్చిరి. ఆమె ఆయనను ఆపిరి. నిర్వాహకులు కంగారుపడి మందలించినను, తనకు ఇచ్చిన ఉత్తరువునే తాను పాటించితినని ఆమె చెప్పిరి. చివరకు నెహ్రూగారికొరకు టిక్కెట్టు కొని తెచ్చిన పిమ్మటనే త్రోవ విడిచిరి. నెహ్రూగారు కోపింపక ఆ బాలిక కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనిరి. అడ్డగించిన పిల్లకును, అడ్డగింపబడిన నాయకునకును ఆ ఘటన సమానముగా గౌరవము తెచ్చినది.

1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. చెన్నపట్టణమున ఆమె అందులో పాల్గొని అరెస్టయిరి. 1930కిని 1933కును నడుమ మూడుసార్లు కారాగారమునకు పోయిరి. మధుర కారాగారములో ఏకాంతవాసము ననుభవించిరి. అచ్చట హత్య మొదలగు నేరములకు శిక్షపడిన స్త్రీలను ఆమె చూచిరి. చదువు లేక, చట్టము తెలియక, తమ పక్షము చెప్పుకొనలేక శిక్షకు పాత్రులైన వారు వారిలో నుండిరి. అట్టివారికి తోడ్పడుటకై న్యాయశాస్త్రము చదువవలెనని ఆమె ఆ గోడల నడుమనే నిశ్చయించుకొనిరి.

అప్పటికి ఆమె మెట్రిక్యులేషనైనను లేనివారు. ఇరువది యేండ్లు దాటినవి. ఇప్పుడేమి చదువు అని ఇరుగుపొరుగువారు అనదగిన వయస్సు. కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు ప్రైవేటుగా కూర్చుండి ఉత్తీర్ణులైరి. పిమ్మట వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయములో రాజనీతిశాస్త్రము చదువ బూనిరి. అచ్చట మరియొక చిక్కు ఎదురయ్యెను. స్త్రీలకు వసతిగృహము లేదు. అప్పటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు వసతి లేనందున ప్రవేశము కష్టమనిరి. ఆమె తిరిగి ఇంటికి పోలేదు. పై చదువు చదువ గోరియు వసతి లేక ఆగిపోయిన బాలికలు తనకు వ్రాయవలసినదని పత్రికలో ప్రకటించిరి. ఉత్తరములు వచ్చినవి. ఆ బాలికలను చేర్చుకొని వసతిగృహమును తామే నడుపుకొనిరి. కట్టమంచివారు సంతోషముతో అనుమతించిరి.

ఈ ఘట్టము చదివినపుడే నాకు సిగ్గు కలిగినది. వసతి లేదన్న మాట ఆమెకు తిరస్కారముగా వినబడలేదు. చేయవలసిన పనిగా వినబడినది. నా గదిలో ఆ తండ్రి "ఊళ్ళో అవ్వ దగ్గర ఉంటుంది" అన్నపుడు, ఆ మాట వెనుక నున్న చిక్కు ఏమి? పనులకొరకు దంపతులిద్దరును తెల్లవారకముందే పోవుదురు. ఎదిగిన పిల్లను రేకుల షెడ్డులో ఒంటరిగా విడుచుటకు భయము. అంతే. అది చదువు మీద ద్వేషము కాదు. నేను అడిగియుంటినేని తెలిసియుండెడిది. తెలిసియుండినచో మన సంఘములో ఒక యిల్లు ఆ పిల్లకు సాయంకాలము నీడ ఇచ్చియుండెడిది.

కథకు వత్తము. 1942లో దుర్గాబాయమ్మగారు మద్రాసు విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్ర పట్టము పొంది, అచ్చటి హైకోర్టులో న్యాయవాదియైరి. అంతకు ముందే, 1937లో, మద్రాసు నగరమున ఆంధ్ర మహిళా సభను స్థాపించిరి. దాని మొదలు ఎంత చిన్నదో చూడుడు. మైలాపూరులో ఇంటి చుట్టుపట్లనున్న ఆడపిల్లలను చేర్చి "లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్" అను చిన్న సంఘముగా ఆటలు, పాటలు, హిందీ నేర్పిరి. పిల్లల వెంట తల్లులు వచ్చిరి. ఆ తల్లులలో, బంధువులలో, చదువు నడుమ నాపివేసిన స్త్రీలు కొందరు కనబడిరి. తాను ఏ కాశీ పరీక్ష వ్రాసి పైకి వచ్చిరో, ఆ పరీక్షకే వారిని సిద్ధపరచు తరగతులు పెట్టిరి. తాను దాటిన వాగుపై పిదప వచ్చువారికై వంతెన వేయుట యన నిదియే.

మద్రాసు నాడు అనేక భాషలవారు కలిసి బ్రతుకు పట్టణము. తెలుగువారు అచ్చట అధికసంఖ్యాకులు కారు. అయినను ఆంధ్ర మహిళా సభ ఇరుగుపొరుగు భాషలవారితో కలహింపలేదు. తలుపులు మూసికొనలేదు. పాఠశాలలు, వసతిగృహములు, వైద్యాలయము, చేతిపనుల శిక్షణ, ఇట్లు ఒక్కొక్కటిగా పెరిగి అందరకును ఉపయోగపడినది. అధ్యక్షురాలుగా ఆమె సంపాదించిన గౌరవము సభలలో దండలవలన వచ్చినది కాదు.

భాషను గురించి ఆమె చెప్పినది మనవంటివారు ప్రత్యేకముగా తెలిసికొనవలెను. 1946లో ఆమె రాజ్యాంగ సభకు ఎన్నికైరి. ఆ సభలో అధ్యక్ష స్థానమున కూర్చుండుటకు ఏర్పరచిన వర్గములో ఆమె యొక్కరే మహిళ. 1949 సెప్టెంబరులో జాతీయ భాషను గురించి తీవ్రమైన చర్చ జరిగెను. దక్షిణాదిలో ఆమెవలె హిందీని ప్రేమించి ప్రచారము చేసినవారు కొద్దిమందియే. బాల్యమునుండి జీతము లేక హిందీ చెప్పినవారు. అట్టి ఆమెయే లేచి, హిందీని బలవంతముగా రుద్దు ధోరణి కనబడుచున్నదనియు, దానివలన తమవంటివారి వెనుకటి ఉత్సాహము చల్లారుననియు హెచ్చరించిరి. హిందీ, ఉర్దూలు కలిసిన హిందూస్తానీ మేలని వాదించిరి. దక్షిణాదివారు నేర్చుకొనుటకు పదునైదేండ్ల వ్యవధి ఉండవలెననిరి.

ఒకనాడు ఇంగ్లీషును తప్పనిసరి చేసినందుకు బడి మానిన బాలికయును, హిందీని తప్పనిసరి చేయవలదన్న రాజ్యాంగ సభ సభ్యురాలును ఒక్కరే. ఆమె ఏ భాషకును శత్రువు కారు. ఇంగ్లీషును కాదన్న ఆమెయే పిమ్మట ఆ భాషను కష్టపడి నేర్చి, అందులోనే న్యాయవాదము చేసి, అందులోనే గ్రంథములు వ్రాసిరి. ఆమె ఎదిరించినది భాషను కాదు, బలవంతమును. మనము కన్నడ దేశములో నున్నాము. ఈ నేల మనకు అన్నము పెట్టుచున్నది. మన పిల్లలు కన్నడమును ప్రేమతో నేర్వవలెను. పొరుగువారి యింటికి పోయి వారి భాషలో పలుకరించవలెను. తెలుగును ఇంట మరువరాదు. ఒక దానికొరకు మరియొక దానిని విడువవలసిన పని లేదు. మనవంటి భాషాల్పసంఖ్యాక వర్గములకు తమ విద్యాలయములను నెలకొల్పుకొను హక్కును రాజ్యాంగపు 30వ అధికరణము ఇచ్చుచున్నది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యము కల్పింపవలెనను 350-ఏ అధికరణము 1956లో చేరినది. హక్కు కాగితము మీద నున్నది. బడిలో పిల్లలున్ననే దానికి ప్రాణము.

1952లో లోకసభ ఎన్నికలలో ఆమె ఓడిపోయిరి. ఓటమి ఆమెను ఇంట కూర్చుండబెట్టలేదు. ప్రణాళికా సంఘములో సభ్యురాలైరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినపుడు దానికి మొదటి అధ్యక్షురాలైరి. ఆ సంవత్సరము జనవరిలోనే నాటి ఆర్థికమంత్రి చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌గారితో ఆమె వివాహము జరిగెను. సాక్షులలో ఒకరు నెహ్రూగారు. కాకినాడ ద్వారము వద్ద ఆగిన ఆ నాయకుడే.

1951 జనాభా లెక్కలలో మన దేశపు స్త్రీలలో నూటికి తొమ్మండుగురికైనను అక్షరజ్ఞానము లేదు. 1958లో కేంద్ర ప్రభుత్వము స్త్రీవిద్యను గురించి జాతీయ సంఘమును నియమించి ఆమెను అధ్యక్షురాలిని చేసెను. 1959లో ఆ నివేదిక వెలువడినది. పురుషుల విద్యకును స్త్రీల విద్యకును నడుమ నున్న అగడ్తను పూడ్చుటను కొంతకాలము ప్రత్యేక సమస్యగా ఎంచి, వేరుగా ధనము కేటాయింపవలెనని ఆ నివేదిక కోరినది. 1958లోనే సాంఘిక సంక్షేమ మండలి, చదువు మానిన వయోజన స్త్రీలకొరకు సంక్షిప్త విద్యా తరగతులను దేశమంతట ఆరంభించెను. మైలాపూరులో ఇంటి పట్టున మొదలైన తరగతి దేశపు పథకమైనది. 2011 లెక్కలకు స్త్రీల అక్షరాస్యత నూటికి అరువదినాలుగు దాటినది. ఇది ఒక్కరి కృషి కాదు. కాని ఆ మార్గమున మొదట దీపము పట్టినవారిలో ఆమె యొకరు.

తరువాతి కాలమున ఆమె హైదరాబాదును కార్యస్థానముగా చేసికొనిరి. అచ్చట ఆంధ్ర మహిళా సభ పక్షమున స్త్రీలకు కళలు, శాస్త్రములు బోధించు కళాశాలయు, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలయు, వయోజన విద్యకై సాక్షరతా భవనమును వెలసినవి. 1975లో ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదముతో సత్కరించినది. 1981 మే 9వ తేదీన ఆమె స్వర్గస్థులైరి.

ఆమె రచనలను గురించియు చెప్పవలెను. మద్రాసులో "ఆంధ్రమహిళ" యను తెలుగు పత్రికకు ఆమె సంపాదకత్వము వహించిరి. వార్ధక్యమున ఇంగ్లీషులో రెండు గ్రంథములు వ్రాసిరి. "ది స్టోన్ దట్ స్పీకెత్" అనునది ఆంధ్ర మహిళా సభ చరిత్ర. పేరులోనే భావమున్నది: మాటలాడు శిల యని. "చింతామన్ అండ్ ఐ" అనునది స్వీయచరిత్ర. భర్త పేరును ముందుంచి తనను వెనుక నుంచుకొనిరి. కాని చదువరికి అందు కనబడునది ఒక స్వతంత్ర వ్యక్తి. బాల్యవివాహమును, కారాగారమును దాచక చెప్పిరి. ఈ గ్రంథములు వర్ణనలకొరకు చదువదగినవి కావు. ఒక పని ఎట్లు మొదలైనది, ఎవరు కాదనిరి, పిమ్మట ఎట్లు సాగినది యను వృత్తాంతమే వాని బలము. సంస్థలు నడుపువారు వానిని చదువవలెను.

ఢిల్లీ మెట్రోలో ఒక స్టేషనునకు ఆమె పేరున్నది. మన కాడుగోడి స్టేషనులో దినమును ఎక్కి దిగువారికి ఆ సంగతి తెలియకపోవచ్చును. పేరు గోడ మీద నుండుట మంచిదే. ఆమె సూత్రము మన బడిలో నుండుట అంతకంటె మంచిది.

మన మున్న వైట్‌ఫీల్డ్ పుట్టుకయే ఒక చిన్న సమాజపు ప్రయత్నము. 1882లో మైసూరు మహారాజా చామరాజేంద్ర ఒడెయరుగారు ఇచ్చిన భూమిలో, డి. ఎస్. వైట్ అను నాయకుని పూనికతో, ఆంగ్లో ఇండియను కుటుంబములకై ఈ గ్రామము వెలసినది. సంఖ్యలో కొద్దివారైనను కలిసి పూనుకొన్నచో ఒక యూరు నిలువగలదని ఈ నేలయే సాక్ష్యమిచ్చుచున్నది. ఒక తరగతి నిలుపలేమా?

కావున సంఘమువారి యెదుట రెండు విన్నపములు ఉంచుచున్నాను. మొదటిది: బడి విడిచిన పిమ్మట సాయంకాలము ఆరు గంటలనుండి ఎనిమిది వరకు రెండు గదులు తెరచి యుంచుటకు అనుమతి ఇండు. చదువు మానిన బాలికలకును, వారి తల్లులకును అచ్చట తరగతులు నడిపెదము. జాతీయ సార్వత్రిక పాఠశాల పదవ తరగతి పరీక్షను తెలుగు మాధ్యమమునందును వ్రాయవచ్చును. గణితము నేను చెప్పెదను. మా ఉపాధ్యాయినులు ఇద్దరు ఇదివరకే మాట ఇచ్చిరి. మీలో కంపెనీలలో ఉద్యోగము చేయు చదువరులు వారమునకు ఒక్క సాయంకాలము ఇచ్చినను చాలును. తాను నేర్చినది కొంచెమని ఎవరును సంకోచింపవలదు. పండ్రెండేండ్ల బాలిక సంకోచింపలేదు.

రెండవది: ఎనిమిదవ తరగతి ముగించిన ఏ బాలికకైనను టీసీ అడిగినచో, నేను సంతకము చేయుటకు ముందు సంఘమునుండి ఇద్దరు గృహిణులు ఆ యింటికి పోయి తల్లితో మాటలాడవలెను. అడ్డగించుటకు కాదు, చిక్కు ఏమో అడుగుటకు. చాలచోట్ల చిక్కు చిన్నది. అడుగువారు లేకయే అది పెద్దదగుచున్నది.

జూన్ మాసములో వెడలిపోయిన ఆ బాలిక తండ్రికి ఊరి చిరునామాకు ఉత్తరము వ్రాసితిని. ఇంతవరకు బదులు రాలేదు. మరల వ్రాసెదను. హాజరుపట్టీలో ఆ పిల్ల పేరు మీద గీత గీసినవాడను నేనే. ఆ గీత క్రింద పేరు ఇంకను చదువుటకు వీలుగనే యున్నది. ఆ పేరును మరల వ్రాయు దినము వచ్చునని ఆశించుచున్నాను.